యంత్రం మాదే, తప్పు దానిది

కృత్రిమ మేధను తయారుచేసే సంస్థలకూ, దాన్ని కొని వాడుకునే సంస్థలకూ న్యాయ సలహాలు ఇచ్చేవారు ఈ మధ్య బాగా పెరిగారు. చట్టాన్ని ఎలా పాటించాలో వారు ఓపికగా చెబుతున్నారు. పాపం, యాజమాన్యాలకు నిద్రపట్టనివ్వని ప్రశ్న అది కాదు. యంత్రం తప్పు చేస్తే ఆ తప్పు ఎవరి ఖాతాలో రాయాలి? ఈ సేవకు పూనుకున్నవారు లేనందువల్ల నేనే ముందుకు వచ్చాను.

యంత్రం ఖాతాలోనే రాయడం అన్నిటికన్నా సులువు. ఎయిర్ కెనడా విమాన సంస్థ ఈ దారిని మన కోసం ముందే నడిచి చూసింది. 2022లో ఇంట్లో పెద్దావిడ పోయి హడావిడిగా బయలుదేరిన ఒక ప్రయాణికుడు ఆ సంస్థ వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్‌ను అలాంటి ప్రయాణాలకు ఇచ్చే టికెట్ రాయితీ గురించి అడిగాడు. టికెట్ కొన్న తరువాత 90 రోజుల్లోగా దరఖాస్తు పెట్టుకోవచ్చని అది చెప్పింది. అతను నమ్మాడు. నమ్మి ఊరుకోకుండా స్క్రీన్‌షాట్ కూడా తీసుకున్నాడు. (కస్టమర్లకు ఈ దుర్గుణం ఎప్పుడు అబ్బిందో గాని, సంస్థల మనశ్శాంతి అప్పటినుంచే పోయింది.) తీరా అడిగితే, ప్రయాణం అయిపోయాక రాయితీ ఇవ్వబోమన్నారు.

గొడవ కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్ర సివిల్ ట్రైబ్యునల్‌కు ఎక్కింది. అక్కడ సంస్థ వాదన సారాంశం ఇది: చాట్‌బాట్ వేరే వ్యక్తి లాంటిది, దాని చేతలకు అదే బాధ్యురాలు. ఆ వ్యక్తికి జీతం లేదు, సెలవు లేదు. రాత్రనక పగలనక సంస్థ గుమ్మంలో నిలబడి సంస్థ తరఫునే మాట్లాడుతుంది. నోరు జారిన క్షణం నుంచి మాత్రం ఎవరో దారినపోయే దానయ్య! లింకు నొక్కి అసలు నిబంధన చదువుకోవలసిందని కూడా వాదించారు. ఒకే వెబ్‌సైట్‌లో ఒక మాటను ఇంకో మాటతో సరిచూసుకునే పని కస్టమర్‌కు ఎందుకని ట్రైబ్యునల్ అడిగింది. 2024 ఫిబ్రవరిలో వడ్డీ, ఖర్చులతో కలిపి 812 కెనడా డాలర్లు కట్టమంది. విమానాలు నడిపే సంస్థ అంత చిన్న మొత్తం కోసం అంత పెద్ద తత్వచింతన చేసిందంటే చేతులెత్తి మొక్కాలి.

న్యూయార్క్ న్యాయవాదుల అనుభవమూ పనికొస్తుంది. ఏవియాంకా విమాన సంస్థ మీద వేసిన కేసులో వారు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను కోర్టుకు సమర్పించారు. ముందుజాగ్రత్త లేదనకండి, ఆ తీర్పులు నిజమైనవేనా అని చాట్‌జీపీటీనే అడిగారు. నిజమైనవేనంది. దొంగ సాక్షికి అతని చేతనే మంచి నడవడి పత్రం రాయించుకోవడం లాంటి ఈ పద్ధతికి 2023లో 5,000 డాలర్ల జరిమానా పడింది.

మన దేశంలో ఇంత కంగారు లేదు. వ్యక్తిగత సమాచార రక్షణకు 2023లో చట్టం వచ్చింది, 2025 నవంబరులో నియమాలు వచ్చాయి, సంస్థల ముఖ్య బాధ్యతలకు మరో పద్దెనిమిది నెలల గడువు వచ్చింది. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది నిజమే. అయితే మనిషి తనంతట తానే లోకానికి వెల్లడించిన సమాచారానికి ఈ చట్టం వర్తించదు. పెళ్లి ఫొటోలు నలుగురూ చూడాలని పెట్టి, యంత్రం వాటిని చూసి నేర్చుకుంటే మాత్రం నొచ్చుకోవడం సంస్కారం కాదు.

ఇక నా అసలు సలహా. ఐరోపా సమాఖ్య కృత్రిమ మేధ చట్టం ప్రకారం, ఎక్కువ ముప్పు ఉన్న వ్యవస్థల మీద మనిషి కన్ను ఉండాలి. ఆ మనిషికి సామర్థ్యం, శిక్షణ, అధికారం ఉండాలి. తప్పితే 1.5 కోట్ల యూరోలు లేదా ప్రపంచవ్యాప్త టర్నోవర్‌లో 3 శాతం, ఏది ఎక్కువైతే అది కట్టాలి. ఆ మూడూ ఉన్నవాడు జీతం ఎక్కువ అడుగుతాడు. పైగా యంత్రం మాట కాదనే ప్రమాదం ఉంది. కాబట్టి మొన్న చేరిన కుర్రవాణ్ణి కూర్చోబెట్టండి. యంత్రం తిరస్కరించిన ప్రతి రుణ దరఖాస్తు కిందా ‘పరిశీలించాను’ అనే గడిలో టిక్కు పెట్టడమే అతని పని. ఒక్కటి తెరిచి చదివినా ఆ రోజు లెక్క వెనకబడిపోవాలి. నియామక పత్రంలో ‘మానవ పర్యవేక్షణాధికారి’ అని పెద్ద అక్షరాలతో రాయించండి. ఇంటి చిరునామా మాత్రం పిన్‌కోడ్‌తో సహా సరిగ్గా తీసుకోండి. సమన్లు తిరిగొస్తే మళ్లీ ఆఫీసుకే వస్తాయి.