దుబాయ్ కత్తెర గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ కత్తెర గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఎంటీవీ అరేబియా అనే సంగీత ఛానెలు 2007 నవంబరులో దుబాయ్‌లో ప్రారంభమై, నడుమ పేరు మార్చుకుని, 2015 జనవరిలో మూతపడింది. దాని పాటల గురించీ, వ్యాఖ్యాతల గురించీ అప్పట్లో పత్రికలు చాలానే రాశాయి గానీ, తెర వెనుక కూర్చుని అందరికంటే ఎక్కువ పాటుపడిన తమరిని గురించి ఎవరూ నాలుగు వాక్యాలు రాసిన పాపాన పోలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ లేఖ. ఈ కాలంలో తమరు ఇనుప రేకులతో గాక కంప్యూటరులో ఒక మీటగా మాత్రమే ఉన్నారని ఎరుగుదును. అయినా మన సినిమావాళ్ళు నేటికీ సెన్సారు కత్తెర అనే అంటారు గనుక ఆ గౌరవం తమరికీ చెల్లుతుంది.

తమరి నియామకం వెనుక ఉన్న ఆలోచన వ్యాపారులకు ఎంతో సబబుగా తోచి ఉంటుంది. 1981 ఆగస్టు 1న అమెరికాలో పుట్టిన ఎంటీవీ యూరపుకూ ఆసియాకూ విస్తరించిన తరువాత, యువతీయువకులతో నిండిన అరబ్బు దేశాలు ఇంకా మిగిలే ఉన్నాయి. భాగస్వామిగా దొరికిన అరబ్ మీడియా గ్రూప్ దుబాయ్ పాలకుని సంస్థల కుటుంబంలోనిదే కనుక అనుమతుల బెడద లేదు. ఇక మిగిలినవి ప్రేక్షకుల మనోభావాలు. వాటి సంరక్షణను తమరికి అప్పగించారు. అమెరికా నుండి వచ్చిన కార్యక్రమాలను ముందు వేసుకుని, ముద్దులనూ బూతులనూ హద్దు మీరిన ఒంటినీ ఏరివేసి, మిగిలినదాన్ని ఇస్లామీయ సమాజానికి తగినదని ధ్రువీకరించడం తమరి ఉద్యోగం. ప్రారంభ వేడుకలో పాడడానికి వచ్చిన వారిలో ముఖ్యుడు సెనెగల్ మూలాలున్న అమెరికా గాయకుడు ఏకాన్, ఆయన ముస్లిము. ముస్లిములు నొచ్చుకుంటారేమోనని తమరిని కొలువులో పెట్టుకున్న ఛానెలు తొలి వేడుకకు ముస్లిమునే పిలిపించుకున్నదన్న సంగతి తమరి దృష్టికి వచ్చిందో లేదో తెలియదు.

అయ్యా, తమరు కత్తిరించినవేమిటో, వదిలిపెట్టినవేమిటో ఒకసారి లెక్క చూడవలసి ఉంది. సంగీతం హరామ్, అంటే మతం నిషేధించినది, అని గట్టిగా నమ్మే పండితుడొకరు తమరి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారనుకుందాం. తెర మీద నర్తకి భుజాన్ని తమరు శ్రద్ధగా తొలగిస్తూ ఉంటే ఆయన సంతోషించరు. ముందు ఆ గిటారు తీసివేయమంటారు. ఖుర్ఆన్‌లోని లుఖ్మాన్ సూరాలో, అంటే అధ్యాయంలో, దైవమార్గం నుండి జనాన్ని తప్పించే కాలక్షేపపు మాటలను కొనుక్కునేవారిని గురించి ఒక వాక్యం ఉంది. అది పాటను గురించినదేనని ప్రవక్త సహచరుడు ఇబ్న్ మసూద్ చెప్పినట్టు సంప్రదాయం. పట్టునూ మద్యాన్నీ వాద్యాలనూ ధర్మసమ్మతం చేసుకునే మనుషులు రాబోతున్నారని బుఖారీ సంకలనంలో ఒక హదీసు, అంటే ప్రవక్త మాటల కథనం, ఉంది. ఈ రెండింటి మీద కట్టిన వాదం ప్రకారం తీగ ఉన్న ప్రతిదీ, ఊదే ప్రతిదీ నిషిద్ధమే. దఫ్ అనే చేతి డప్పుకు మాత్రం పెళ్ళిళ్ళలోనూ పండుగలలోనూ మినహాయింపు ఉంది. ఆ పండితుని మాట విని ఉంటే తమరి ఛానెలులో రోజంతా మనుషుల గొంతులూ, అప్పుడప్పుడూ ఒక డప్పూ వినిపించేవి. అది అంత చెడ్డ ఛానెలుగా ఉండేదని నేను అనుకోను. కానీ ప్రకటనలు ఇచ్చే శీతల పానీయాల కంపెనీలు ఒప్పుకునేవి కావు.

ఆ కుర్చీలో స్పెయిన్‌లోని కార్డోవాకు చెందిన ఇబ్న్ హజ్మ్ కూర్చుని ఉంటే కథ మరోలా ఉండేది. 1064లో మరణించిన ఆ పండితుడు, వాద్యాలకు వ్యతిరేకంగా చూపే హదీసుల్లో ఒక్కటీ నిలవదనీ, పైన చెప్పిన బుఖారీ హదీసుకు సైతం ఒకరి నుండి ఒకరు విని చెప్పినవారి గొలుసు మధ్యలో తెగిందనీ వాదించాడు. ఆయన లెక్కన తమరి గిటారు క్షేమం. 1111లో కన్నుమూసిన మరో పండితుడు గజాలీ ఇంకా లోతుకు వెళ్ళాడు. కోయిల గొంతులోని తీయదనం పాపం కానప్పుడు మనిషి గొంతులోని తీయదనం ఎలా పాపమవుతుందని అడిగి, తీగ వాద్యాలూ కొన్ని ఊదే వాద్యాలూ నిషిద్ధమైనది వాటి ధ్వని చెడ్డదై కాదనీ, అవి తాగుబోతుల సభలకు గుర్తుగా మారినందుకేననీ తేల్చాడు. వసంతంలోని పూలకూ, ఊద్ అనే వాద్యపు తీగలకూ చలించని మనిషి స్వభావమే చెడిందనీ, దానికి మందు లేదనీ ఒక సూక్తిని కూడా తన గ్రంథంలో నమోదు చేశాడు. ఈ ఇద్దరి వెనుకా, ప్రవక్త ఇంట్లో పండుగ నాడు ఇద్దరు బాలికలు పాడుతూ ఉంటే సహచరుడు అబూ బక్ర్ కోప్పడగా, వారిని పాడుకోనివ్వమని ప్రవక్త చెప్పిన హదీసు ఉంది. ఎదుటి పక్షం వెనుక, గొర్రెల కాపరి పిల్లనగ్రోవి వినగానే చెవుల్లో వేళ్ళు పెట్టుకున్న ప్రవక్త సహచరుడు ఇబ్న్ ఉమర్ ఉన్నాడు. ఆయన వేళ్ళు తీయకుండానే వెంట ఉన్న శిష్యుడు నాఫీను ‘ఇంకా వినిపిస్తున్నదా’ అని అడుగుతూ నడిచాడట; వినడమే పాపమైతే నాఫీను ఎందుకు విననిచ్చాడని అనుమతి పక్షంవారు అప్పటి నుండి అడుగుతూనే ఉన్నారు.

తమరికి కాస్తయినా అండగా నిలిచేది మధ్యేమార్గం వారే. ఈజిప్టులో పుట్టి ఖతర్‌లో స్థిరపడిన మతపండితుడు యూసుఫ్ అల్ ఖరదావీ, పాటను అనుమతిస్తూనే షరతులు పెట్టాడు: మాటలు ధర్మానికి విరుద్ధంగా ఉండరాదు, పాడే తీరు కోరికలను రెచ్చగొట్టరాదు, మద్యం వంటివి తోడు కారాదు. ఇక్కడిదాకా వినగానే తమరు ‘నేను చేసినది అదే గదా’ అని ఛాతీ విరుచుకోవచ్చు. అయితే ఆ జాబితాలో అతి పనికిరాదన్న షరతు కూడా ఉంది. వినోదంలో మునిగి మనిషి తన సమయాన్నీ విధులనూ మరచిపోకూడదు. రోజుకు ఇరవై నాలుగు గంటలు, వారానికి ఏడు రోజులు పాటలూ వినోదమూ చూపిన ఛానెలు ఆ షరతును నిలువునా ఉల్లంఘించింది. ఒక్కొక్క ముద్దునూ కత్తిరించుకుంటూ కూర్చున్నారు గానీ, రాత్రి పదకొండింటికి ఛానెలునే కత్తిరించి జనాన్ని పడుకోమనాలన్న ఆలోచన తమరికి రాలేదు. శతాబ్దాలుగా తెగని ఈ తగాదాను తమరు లంగా పొడవు కొలిచి పరిష్కరించారు.

ఈ తగాదా మన హైదరాబాదుకు కూడా దూరమైనదేమీ కాదు. నిజాం సైన్యంలో చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుండి వచ్చిన అరబ్బుల సంతతి నేటికీ బార్కస్‌లో ఉంది. వారి మర్ఫా అనే డప్పుల మోతే పాతబస్తీ పెళ్ళి ఊరేగింపుల ప్రాణం. దానిని విని పులకించేవారూ, అది తగదని బోధించేవారూ ఒకే వీధిలో ఉంటారు, ఒకే మసీదులో నమాజు చదువుతారు. వారి మధ్య తీర్పు చెప్పడానికి ఏ అంతర్జాతీయ సంస్థా ఎడిటర్లను పంపలేదు.

ఇక తమరి అసలు కష్టానికి వస్తాను. తమరు మతాన్ని చూసి భయపడ్డారు గానీ పోటీదారులను చూసి భయపడలేదు. తమరు దిగేనాటికే అరబ్బు ఉపగ్రహాల నిండా రొతానా, మెలొడీ, మజ్జికా వంటి పాటల ఛానెళ్ళు ఉన్నాయి. చివరకు ఎంటీవీ అనే మూడక్షరాలు కూడా లెబనాన్‌లో 1991 నుండి ముర్ర్ వారి టెలివిజనుకు చెల్లిపోయాయి. 2003లో లెబనాన్ గాయని నాన్సీ అజ్రమ్ మగవాళ్ళు నిండిన ఒక కాఫీ హోటలులో ఆడిపాడిన వీడియో ఈజిప్టులో పెద్ద దుమారమే రేపింది. దానిని తీసిన నదీన్ లబకీ తరువాతి కాలంలో ప్రపంచ చలనచిత్రోత్సవాలు గౌరవించిన దర్శకురాలైంది. తాడిని తన్నేవాడు ఒకడుంటే వాడి తల తన్నేవాడు మరొకడు ఉంటాడన్నట్టు, నాన్సీ తరువాత మరో లెబనాన్ గాయని హైఫా వహ్బీ వచ్చింది. 2008లో ఆమె కచేరీని ఆపమని బహ్రెయిన్ పార్లమెంటు తీర్మానం చేయగా, ఆమె ఒళ్ళు కప్పుకునే దుస్తులు ధరించి వచ్చి, పాడి, వెళ్ళిపోయింది. ఇంతటి ధైర్యస్థుల నడుమకు, పాశ్చాత్య విశృంఖలతకు మారుపేరుగా చెప్పుకున్న ఎంటీవీ, తమరి పుణ్యమా అని, డిష్ మొత్తం మీద అతి మర్యాదస్థురాలైన ఛానెలుగా ప్రవేశించింది. పైగా పాటల్లో దాదాపు అరవై శాతం పాశ్చాత్యం, నలభై శాతం అరబ్బీ. ఇండియాలో 1996లో సొంత ఛానెలు పెట్టిన ఇదే సంస్థ, ఇక్కడి జనం చూసేది హిందీ సినిమా పాటలనేనని త్వరగానే గ్రహించి దారి మార్చుకుంది. ఆ పాఠం అరేబియా సముద్రం దాటలేకపోయింది. ప్రేక్షకుడు తమరి ఛానెలును చూడకపోవడానికి కారణం పాపభీతి అనుకుని తమరు ఇంకొంచెం కత్తిరించి ఉంటారు. అతడు మాత్రం రిమోటు నొక్కి రొతానా చూస్తూ ఉన్నాడు.

రొతానా యజమాని సౌదీ యువరాజు అల్ వలీద్ బిన్ తలాల్. ఆయన దగ్గర తమరు పాఠాలు నేర్చుకోవలసింది. గాయనుల వీడియోలను చూపే ఆ యువరాజే 2006లో అర్రిసాలా అనే ఇస్లామీయ ఛానెలు కూడా పెట్టి, కువైట్ మతబోధకుడొకరిని దానికి అధిపతిగా నియమించాడు. ఒక మీటకు పాట, పక్క మీటకు పశ్చాత్తాపం; రెండింటి ఆదాయమూ ఒకే ఇంటికి. ఆయన దేన్నీ కత్తిరించలేదు. రెండు బీరువాల్లో విడివిడిగా సర్దుకున్నాడు. 2008 రంజానులో సౌదీ ఉన్నత న్యాయమండలి అధ్యక్షుడు సాలెహ్ అల్ లుహైదాన్, అశ్లీలతను ప్రసారం చేసే ఛానెళ్ళ యజమానులకు న్యాయవిచారణ తరువాత మరణశిక్ష కూడా పడవచ్చని రేడియోలో చెప్పినప్పుడు ప్రపంచమంతా ఉలిక్కిపడింది గానీ, రొతానాలో పాట ఆగలేదు. మరుసటి ఏడాది ఈజిప్టులో అహ్మద్ అబూ హైబా ‘ఫోర్ షబాబ్’ అనే ఛానెలు తెరిచి, పాశ్చాత్య ఎంటీవీకి ఇదే ఇస్లామీయ జవాబు అన్నాడు. అందులో ర్యాప్ ఉంది, వాద్యాలున్నాయి. తొలినాళ్ళలో గాయనులు మాత్రం కనిపించలేదు. అక్కడ తమరి బంధువు ఎవరో పనిచేశారన్నమాట.

ఛానెలు చేసిన ఒక మంచి పనిని చెప్పకపోతే అన్యాయమవుతుంది. ‘హిప్ హాప్ నా’ అనే కార్యక్రమంలో, పాలస్తీనా మూలాలున్న నిర్మాత ఫ్రెడ్‌రెక్, సౌదీ ర్యాపర్ ఖుసై కలిసి అరబ్బు నగరాల్లో కొత్త గొంతులను వెతికారు. అరబ్బీలో ర్యాప్ చెప్పే కుర్రవాళ్ళను పాన్ అరబ్ తెర మీద నిలబెట్టడం అప్పటికి చిన్న విషయం కాదు. ఆ ధోరణిలోనే కొనసాగి ఉంటే బాగుండేది.

దీనికి పూర్తిగా భిన్నమైన సంగతి 2010లో జరిగింది. తమరి అమెరికా మాతృసంస్థ సౌదీలోని జెద్దా యువతను గురించి ఒక డాక్యుమెంటరీ ప్రసారం చేసింది. అందులో కొందరు తమ సంగీతాన్నీ, తమ దుస్తులనూ, తమ చిన్నచిన్న తిరుగుబాట్లనూ దాచుకోకుండా చెప్పారు. తరువాత వారిలో ముగ్గురి మీద, పాపాన్ని బాహాటంగా చాటుకున్నారన్న ఆరోపణతో షరియా న్యాయస్థానంలో ఫిర్యాదు దాఖలైంది. కార్యక్రమం తీసినవారు అప్పటికి న్యూయార్కులో క్షేమంగా ఉన్నారు. దుబాయ్‌లో భుజాలకు కాపలా కాసిన సంస్థే, ఆ పిల్లల ముఖాలనూ మాటలనూ మాత్రం ఉన్నవి ఉన్నట్టు చూపింది. తమరి అవసరం నిజంగా ఉన్నది అక్కడే. అక్కడికి తమరిని ఎవరూ పిలవలేదు.

అదే ఏడాది, మక్కాలోని మస్జిదుల్ హరామ్‌లో తరావీహ్ అనే రంజాను రాత్రి నమాజు చదివించిన ఇమాము ఆదిల్ అల్ కల్బానీ, సంగీతం హరామ్ కాదని ప్రకటించి తోటి పండితుల ఆగ్రహానికి గురయ్యాడు. ఆగస్టులో సౌదీ రాజు ఒక ఉత్తర్వు ఇస్తూ, ఫత్వాలు అనే మతపరమైన తీర్పులను బహిరంగంగా జారీ చేసే అధికారాన్ని తాను నియమించిన ఉన్నత పండిత మండలికే పరిమితం చేశాడు. 2016లో అదే రాజ్యం సాధారణ వినోద ప్రాధికార సంస్థను స్థాపించింది. కచేరీలూ సినిమాహాళ్ళూ భ్రష్టత్వమని అక్కడి అత్యున్నత మతాధికారి గ్రాండ్ ముఫ్తీ 2017 జనవరిలో హెచ్చరించాడు. మరుసటి ఏడాదికే సినిమాహాలు తెరుచుకుంది. 2018లో జెద్దాలో ఈజిప్టు గాయకుడు తామిర్ హోస్నీ కచేరీకి అమ్మిన టికెట్ల మీద, నృత్యం చేయరాదనీ, ఊగరాదనీ హెచ్చరిక వేశారు. పాట వినవచ్చు, దానికి శరీరం స్పందించరాదు. తమరికి ఇంతకంటే గొప్ప వారసుడు దొరకడు; తమరు తెర మీది శరీరాన్ని కత్తిరించారు, వారు కుర్చీలోని శరీరాన్ని కత్తిరించబోయారు. 2019 డిసెంబరుకల్లా రియాద్‌లో ఎండీఎల్ బీస్ట్ పేరిట డీజేల ఉత్సవం జరిగింది, జనం ఊగారు. ఈ మధ్యలో లుఖ్మాన్ సూరాకు కొత్త వ్యాఖ్యానమేదీ వెలువడలేదు. ఇబ్న్ హజ్మ్ కొత్తగా వాదన గెలవలేదు. మారినది రాజ్యపు అవసరం ఒక్కటే.

తమరు ఇప్పుడు నిరుద్యోగులని విన్నాను. రియాద్‌లో ప్రయత్నించవద్దు, అక్కడ ప్రస్తుతం మైకులు కావాలి, కత్తెరలు కాదు. కైరోలో అవకాశం ఉండవచ్చు. 2020 ఫిబ్రవరిలో ఈజిప్టు సంగీతకారుల సంఘం, ప్రేమగీతాలతో పేరు తెచ్చుకున్న గాయకుడు హానీ షాకిర్ అధ్యక్షతన, బస్తీ కుర్రవాళ్ళ మహ్రజానాత్ అనే హోరు పాటలను బహిరంగ వేదికల మీద నిషేధించింది. అడ్డు చెప్పింది మసీదు కాదు, సాటి పాటగాళ్ళు. కారణం మతం కాదు, అభిరుచి. దరఖాస్తు పంపేటప్పుడు అనుభవం దగ్గర ఏడేళ్ళు అని రాసి, కత్తిరించినవాటి కింద ముద్దులు, బూతులు, భుజాలు అని పేర్కొనండి. గిటారు సంగతి అడిగితే, దాని మీద పై అధికారుల ఉత్తర్వులు ఇంకా రాలేదని చెప్పండి. సిఫారసు లేఖ కావలసి వస్తే యువరాజు గారి కార్యాలయానికి రాసుకోవచ్చు. ఏ ఛానెలు కాగితం మీద కావాలో మాత్రం ముందే స్పష్టం చేయండి.

ఇట్లు,
రిమోటు చేతిలో ఉన్న ఒక ప్రేక్షకుడు