సగటు నీళ్లు ఎవరు తాగుతారు?

విజయనగరం నుంచి భోగాపురం వైపు పొలాల్లో ప్లాట్ల రాళ్లు పాతుతూనే ఉన్నారు. విమానాశ్రయం పేరు చాలు, లేఅవుట్ లేస్తోంది. భూగర్భ డ్రైనేజీ ఉండదు. ఇంటికో సెప్టిక్ ట్యాంకు, దాని పక్కనే బోరు. ఇలాంటి చోట తాగునీటి నాణ్యతను పటం మీదికి ఎక్కించాల్సిందే. దాన్ని సగటు లెక్కతో గీసే అలవాటే మాకు భయం పుట్టిస్తోంది.

లవణాలు, కాఠిన్యం, ఫ్లోరైడ్, నైట్రేట్ అన్నీ కలిపి ఒకే మార్కు వేస్తారు. దానికి నీటి నాణ్యతా సూచి అని పేరు. ఆ మార్కును బట్టి పటంలో ప్రాంతానికో రంగు, నీళ్లు బాగున్నాయంటే ఆకుపచ్చ. మిగతావన్నీ బాగుంటే, సెప్టిక్ ట్యాంకు మురుగు నుంచి బోరులోకి దిగే నైట్రేట్ హద్దు దాటినా రంగు ఆకుపచ్చగానే ఉండొచ్చు. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ప్రకారం తాగే నీళ్లలో లీటరులో నైట్రేట్ 45 మిల్లీగ్రాములు మించకూడదు. వేరే నీళ్లు దొరక్కపోయినా ఇందులో సడలింపు లేదు. నైట్రేట్‌కు రంగూ వాసనా ఉండవు. కాచినా పోదు, మరిగేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ఆ నీళ్లతో డబ్బాపాలు కలిపి పడితే నెలల బిడ్డ ఒళ్లు నీలం తిరిగే ప్రమాదం ఉంది. బిడ్డ తాగేది ఆ బోరు నీళ్లు, ఊరి సగటు కాదు.

మనది ఖోండలైట్ అనే గట్టి రాతి నేల. కింద నీరు పగుళ్ల వెంట నడుస్తుంది. పక్కపక్క బోర్లలోనే తేడా వస్తుంది, వేసవికీ వానలకీ మారుతుంది. నాలుగు నమూనాలు తీసి మధ్య ఖాళీలను కంప్యూటర్‌తో నింపిస్తే అదీ సగటే. ఇలాంటి సూచీల్లో చాలావాటికి బ్యాక్టీరియా లెక్కే ఉండదు. 2024 అక్టోబరులో మన జిల్లాలోని గుర్ల మండలంలో అతిసారం ప్రాణాలు తీశాక కూడా ఆ లెక్క వదిలేస్తామా?

జనానికి తేలిగ్గా అర్థం కావాలంటే ఒకే సంఖ్య ఉండాలంటారు. అర్థమయ్యేది తప్పయితే ఏం లాభం? ఒకసారి ఆకుపచ్చ పడిందంటే ఇక అక్కడ పరీక్షలు ఆగిపోతాయి. అదే రంగు ప్లాట్ల ప్రకటనల్లోకి, తర్వాత అనుమతుల ఫైల్లోకి ఎక్కుతుంది.

నైట్రేట్‌కు ఒక పటం, ఫ్లోరైడ్‌కు ఒకటి, బ్యాక్టీరియాకు ఒకటి విడివిడిగా గీయండి. వానలకు ముందూ తర్వాతా పరీక్షించి, ఏ బోరు ఫలితం ఆ వీధి సచివాలయం గోడ మీద అంటించండి. బోర్లు నమోదు కావాలని నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం చెబుతూనే ఉంది. ఆ చిట్టా సరిగ్గా రాసి ఉంటే నమూనాలు ఎక్కడ తీయాలో ఇప్పుడు వెతుక్కునే పనే ఉండేది కాదు. బోరు ఫలితం చూడకుండా లేఅవుట్‌కు సంతకం పెట్టే అధికారి, రేపు పటంలో ఆకుపచ్చ ఉందని తప్పించుకుంటే మేం ఒప్పుకోం.