ముందు వంటింటికేనా కోత?

లుసాకాలో కుంపటి మీద వండుకునే ఇల్లాలిని అడవికి శత్రువుగా నిలబెట్టడం మామూలైపోయింది. సదస్సులు, నివేదికలు, ఉపన్యాసాలు అన్నింటిదీ ఒకటే మాట: జాంబియా రాజధాని వంటిళ్లు కట్టెబొగ్గును మింగేస్తున్నాయి, చుట్టూ ఉన్న మియోంబో అనే చిట్టడవులు తరిగిపోతున్నాయి. అడవి తరుగుతున్న మాట నిజమే. చోంగ్వే, చిబొంబో వైపు నుంచి నగరానికి బొగ్గు బస్తాలు దిగుతున్న మాటా నిజమే. కానీ ఆ కుంపటిని మళ్లీ రాజేయించింది ఎవరు? కరెంటు పొయ్యి మీద వండుకుంటున్న ఇంటికి రోజుకు మూడు గంటలే సరఫరా అని చెప్పింది ఎవరు? కోత పెట్టినవాళ్లే ఇప్పుడు పాఠాలు చెబుతుంటే వింటూ ఊరుకోలేం.

2024 సంగతి పాఠకులకు తెలిసిందే. ఎల్ నినో దెబ్బకు పంటలు ఎండిపోయాయి. ఫిబ్రవరి 29న అధ్యక్షుడు హకాయిండే హిచిలేమా జాతీయ విపత్తు ప్రకటించారు. దేశంలో తయారయ్యే కరెంటులో 80 శాతానికి పైగా నీటి మీదే ఆధారపడిన చోట, జాంబెజీ నది మీది కరీబా జలాశయం అడుగంటింది. 1,080 మెగావాట్ల కరీబా నార్త్ బ్యాంక్ కేంద్రంలో ఆరు యంత్రాలకు ఒక్కటే తిరిగిన రోజులున్నాయి. మార్చిలో ఎనిమిది గంటలతో మొదలైన కోత ఆ ఏడాది చివరికొచ్చేసరికి ఇరవై గంటలు దాటింది. ఆ మిగిలిన కాసేపు కూడా ఎప్పుడొస్తుందో తెలియదు.

ఆ నెలల్లో కన్యామా, చవామా లాంటి బస్తీల్లో బతుకు ఎలా గడిచిందో చూడాలి. అక్కడి కుంపటిని మ్బౌలా అంటారు. పాత రేకుకో, డ్రమ్ము ముక్కకో చిల్లులు పొడిచి, కింద కాళ్లు అతికించి వీధిలోనే తయారు చేసి అమ్ముతారు. బస్తా బొగ్గు ఒకేసారి కొనే స్తోమత లేనివాళ్లు వీధి చివర చిన్న ప్లాస్టిక్ సంచుల్లో పూటకింత కొంటారు. పేదవాడికి ప్రతి సరుకూ ప్రియమే, బొగ్గూ అంతే. వాళ్ల తిండి న్షీమా, అంటే మన సంకటి లాంటిదే, మొక్కజొన్న పిండితో. నీళ్లు తెర్లాలి, పిండి పడాలి, గట్టిపడేదాకా తెడ్డుతో తిప్పుతూనే ఉండాలి, ఈలోపు సెగ తగ్గకూడదు. సగంలో కరెంటు పోతే ఆ పూట సంకటి జావే. అర్ధరాత్రి దాటాక కరెంటు వస్తే ఇల్లంతా లేచేది. ఒకరు వంట, ఒకరు ఇస్త్రీ, పిల్లలు ఫోన్లు ఛార్జింగ్ పెట్టడం. తెల్లారి మళ్లీ ఆఫీసు, బడి. అక్కడ చలికాలమైన జూన్, జూలైలలో కుంపటిని గదిలో పెట్టుకుని తలుపు వేసుకున్నవాళ్లు విషవాయువుకు నిద్రలోనే పోయారన్న వార్తలు అక్కడి పత్రికల్లో ఏటా వస్తాయి.

ఒక్క కరవుతో ముగిసే కథ అయితే ఇంత కోపం అక్కర్లేదు. 2015లో కోత పెట్టారు. 2019లో పెట్టారు. 2022 చివర కరీబాలో నీళ్లు తగ్గితే మళ్లీ పెట్టారు. 2024లో అన్నింటినీ మించి పెట్టారు. పదేళ్లలో నాలుగుసార్లు. ప్రతిసారీ తాత్కాలికమేనన్నారు. ప్రతిసారీ మరికొన్ని ఇళ్లు కుంపటి కొన్నాయి. కొన్న కుంపటిని కరెంటు తిరిగొచ్చాక ఎవరూ మూలన పడేయరు, మళ్లీ ఎప్పుడు పోతుందో తెలియనప్పుడు ఎలా పడేస్తారు? 2010 జనాభా లెక్కల్లో 17 లక్షలున్న లుసాకా 2022 నాటికి 22 లక్షలైంది. కొత్తగా వచ్చిన ప్రతి కుటుంబం ఈ భయంతోనే పొయ్యి ఎంచుకుంటోంది. తీగ ఉంది, మీటరు ఉంది, నమ్మకం లేదు. కొరత వస్తే ముందు వంటింటికే కోత అనేది అక్కడ రాయని చట్టమై కూర్చుంది. మమ్మల్ని కలవరపెడుతున్నది ఇదే.

గనులకు కరెంటు ఆపలేమన్న ప్రభుత్వం వాదన కూడా ఉంది. ఎగుమతుల ఆదాయంలో 70 శాతం దాకా రాగి నుంచే వస్తుంది, గనులు ఆగితే ఖజానా ఆగుతుంది, అప్పుల్లో మునిగిన దేశానికి అది మరీ ప్రమాదం. గనులకూ సరఫరా తగ్గించారు, కొన్ని సంస్థలు పొరుగు దేశాల నుంచి కరెంటు కొనుక్కున్నాయి. ఒప్పుకుంటాం. కానీ కొనుక్కోగలిగే శక్తి గనికి ఉంది, కన్యామాలో ఒంటిగది అద్దె ఇంటికి లేదు. కోత లెక్క వేసేటప్పుడు ముందు చూడాల్సింది ఆ తేడానే. వేరే దారి ఉన్నవాడికి కొంత, దారే లేనివాడికి ఇరవై గంటలు అంటే అది సర్దుబాటు ఎలా అవుతుంది?

అసలు ఈ వరస కరీబా పుట్టుకలోనే ఉంది. 1959లో ఆనకట్ట పూర్తయింది. కరెంటు కావాల్సింది ఉత్తరాన కాపర్‌బెల్ట్ గనులకు, దక్షిణాన నాటి దక్షిణ రొడీషియా, అంటే నేటి జింబాబ్వే పరిశ్రమలకు. నీళ్లకింద ఊళ్లు పోయింది గ్వెంబే లోయలోని టోంగా జనానికి. సుమారు 57 వేల మందిని లేపేశారు. ఆ సరస్సు ఒడ్డునే దశాబ్దాల తరబడి దీపం లేని టోంగా పల్లెలు ఉండిపోయాయి. నీళ్లు మీవి, వెలుగు వేరేవాళ్లది. అరవై ఏళ్ల కింద పరాయి పాలకులు చేసిన ఆ పంపకాన్నే సొంత ప్రభుత్వాలు కరవు వచ్చిన ప్రతిసారీ తిరగరాస్తున్నాయి.

ఇప్పుడైనా మారిందా? సౌర ఫలకాల మీద సుంకం ఎత్తేశారు, మంచిదే. 2025 జూన్ చివర చిసాంబాలో 100 మెగావాట్ల సౌర కేంద్రాన్ని అధ్యక్షుడే స్వయంగా ప్రారంభించారు. లుసాకాకు కూతవేటు దూరం. అయితే ఆ కరెంటు కొనుగోలుకు ఒప్పందం చేసుకున్నది రాగి గనుల సంస్థ ఫస్ట్ క్వాంటమ్. బ్యాంకు అప్పు ఇవ్వాలంటే గట్టి కొనుగోలుదారు కావాలి కదా అంటారు. నిజమే కావచ్చు. అంటే ఎండ కూడా ముందు గనికే అన్నమాట! 2024లో ఎనిమిది లక్షల టన్నుల పైచిలుకు ఉన్న రాగి ఉత్పత్తిని వచ్చే దశాబ్దం మొదటికల్లా 30 లక్షల టన్నులకు చేరుస్తామని లక్ష్యం పెట్టుకున్నారు. దానికెంత కరెంటు కావాలో లెక్కలు వేసుకుంటున్నారు. రాజధానిలో ఇంటింటికీ రెండు పూటలా వంటకు ఎంత కావాలో, దాన్ని ఎలా కాపాడతారో కూడా అంతే గట్టిగా ఎప్పుడు ప్రకటిస్తారు?

ఇది మనకు సంబంధం లేని దూరదేశపు గొడవ అనుకోవద్దు. కరీబా సరస్సుకు దగ్గర్లోనే మాంబా నేలబొగ్గు గనుల వద్ద 300 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. దాంట్లో మెజారిటీ వాటా పాల్వంచలో పుట్టి హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన నవభారత్ సంస్థది. నీళ్లు ఎండినప్పుడు దేశాన్ని నిలబెట్టిన కొద్ది కేంద్రాల్లో అదొకటి. రాగి, కోబాల్ట్ అన్వేషణకు 9,000 చదరపు కిలోమీటర్లు భారత ప్రభుత్వం చేతికీ వచ్చాయి. రేపు ఆ రాగి మన తీగల్లోకి, మన ఎలక్ట్రిక్ స్కూటర్లలోకి వస్తుంది. అది తవ్వడానికి ఎవరి పొయ్యి ఆరిందో అడగాల్సిన బాధ్యత మనకూ ఉంది.

కోతల బాధ మనకు కొత్త కాదు. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో ఇళ్లకు గంటల తరబడి కరెంటు పోయింది, దాంతోపాటు ఫ్యాక్టరీలకూ పవర్ హాలిడేలు పెట్టారు. యజమానులు గగ్గోలు పెట్టారు, కార్మికులకు పని పోయింది, అదీ కష్టమే. కానీ భారం ఒక్క వంటింటి మీదే పడలేదు. పైగా అప్పటికే దీపం పథకం, ఇతర కనెక్షన్ల వల్ల లక్షల ఇళ్లలో గ్యాస్ ఉంది. ఆ ఇళ్లలో కరెంటు పోతే చీకటి. లుసాకాలో కరెంటు పోతే ఆకలి. గ్యాస్ అక్కడ సామాన్యుడి ఇంటికి ఇంకా చేరనే లేదు.

ఇక విదేశీ దాతలది మరో దారి. మెరుగైన పొయ్యిలు పంచి, ఆదా అయిన కట్టెలకు కార్బన్ క్రెడిట్లు, అంటే ఇంత పొగ తగ్గించామన్న పత్రాలు రాసుకుని, వాటిని పెద్ద కంపెనీలకు అమ్ముతున్నారు. ఇలాంటి పొయ్యిల ప్రాజెక్టుల్లో ఆదాను తొమ్మిది రెట్లకు పైగా ఎక్కువ చేసి చూపారని 2024 జనవరిలో కాలిఫోర్నియా పరిశోధకులు తేల్చారు. పేదింటి పొయ్యి చూపించి ఆ కంపెనీలు తమ పొగకు అనుమతి కొనుక్కున్నాయన్నమాట. ఆ ఇంటికి కరెంటు మాత్రం రాలేదు.

ఎల్ నినో మళ్లీ వస్తుంది. అప్పుడు ఎవరికి ముందు కోత, ఎవరికి చివర కోత అన్న జాబితాను ప్రభుత్వ విద్యుత్ సంస్థ జెస్కో ఇప్పుడే రాసి జనం ముందు పెట్టాలి. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు వంట వేళ సరఫరాకు హామీ ఇచ్చి, మిగిలిందే గనులకని అందులో ఉండాలి. కొత్త గని లైసెన్సు ఇచ్చేటప్పుడే దాని కరెంటు అదే తెచ్చుకోవాలన్న షరతు ఉండాలి. ఈ రెండూ చేతకానివాళ్లు కన్యామాలో కుంపటి ఊదుతున్న ఆడమనిషికి అడవి గురించి పాఠాలు చెప్పడం ఇకనైనా కట్టిపెట్టాలి.