మూడో అంతస్తులో అవ్వ, కింద వీధి

తిరుపతి పాత వీధుల్లో ఇంటి ముందు తిన్నె ఉంటుంది. పొద్దున అవ్వ దానిమీద కూర్చుంటే పాలాయన, పూలమ్మి, బడికి పోయే పిల్లోళ్లు పలకరించే పోతారు. ఆమె ఎక్కడికీ పోనక్కర్లేదు, వీధే ఆమె దగ్గరికొస్తుంది. అదే అవ్వకు ఊరి బయట వికృతమాలలో, ప్రభుత్వం పేదలకు కట్టించిన టిడ్కో అపార్ట్‌మెంట్లలో మూడో అంతస్తు వచ్చిందనుకోండి. లిఫ్టు లేదు, దిగాలంటే యాభై మెట్ల దాకా. మోకాళ్లు మొరాయిస్తే మొదట రెండ్రోజులకోసారి దిగుతుంది, తర్వాత వారానికోసారి, ఆపైన పింఛను ఇంటికే వస్తుంది కదా అని ఆగిపోతుంది.

కొడుకులు చూడట్లేదని నిట్టూర్చడం మనకు అలవాటు. కానీ ఈ ఒంటరితనంలో సగం ఇళ్ల కేటాయింపులోనే పుట్టింది. వృద్ధులు, దివ్యాంగులున్న కుటుంబాలకు కింది అంతస్తుల్లో ప్రాధాన్యం ఇమ్మని ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ మార్గదర్శకాలే చెబుతున్నాయి. దరఖాస్తు నాడు యాభై ఐదేళ్ల మనిషి తాళాలు అందేసరికి అరవై దాటితే, లాటరీ చీటీకి ఆ సంగతేం తెలుసు?

ఇప్పుడు చేయగలిగింది అంతస్తుల మార్పిడి. కింద పడుచు జంట, పైన ముసలి దంపతులు ఉంటే, ఇద్దరి ఒప్పుకోలుతో ఇళ్లు మార్చుకోనివ్వాలి. 365, 430 చదరపు అడుగుల ఇళ్ల మీద బ్యాంకు అప్పుంటుంది, పత్రాలు మారాలంటే తలనొప్పి. ఒక్క రూపాయికిచ్చిన 300 చదరపు అడుగుల ఇళ్లకు ఆ బాధ లేదు, వాటితోనే మొదలుపెట్టొచ్చు.

మార్పిడి కుదరనిచోట మెట్లకు గోడవైపు కూడా పట్టుకమ్మీ బిగించాలి. ఎత్తు 85–90 సెంటీమీటర్లు, పిడికిట్లో ఇమిడే 4 సెంటీమీటర్ల గొట్టం, గోడకీ దానికీ మధ్య 5 సెంటీమీటర్ల సందు. చివరి మెట్టు దగ్గరే ఆపేస్తే లాభం లేదు, ఇంకో 30 సెంటీమీటర్లు సాగాలి. తూలేది అక్కడే.

సింగపూర్‌లో చాలా ప్రభుత్వ నివాస భవనాలకు నేల అంతస్తు ఖాళీగా వదిలేస్తారు, ముసలాళ్లు అక్కడ చేరతారు. మనం ఆ చోటు కట్టేశాం కాబట్టి సిమెంటు బెంచీయే గతి. 45 సెంటీమీటర్ల ఎత్తు, వెనక ఆనుడు, రెండు వైపులా చేతులు ఉండాలి. చేతుల్లేని బెంచీ మీద కూర్చున్న ముసలాయన లేవలేక మర్నాడు రాడు. పార్కు మూలన వేస్తే కుక్కలు పడుకుంటాయి. పాలు, కిరాణా కోసం జనం తిరిగేచోట వేయాలి. లైటు లేకపోతే చీకటి పడ్డాక అది సీసాలవాళ్ల పాలవుతుంది.

ఇక పింఛను. నెలనెలా 4,000 రూపాయలు గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది ఇంటికొచ్చి ఇస్తున్నారు. పింఛనొచ్చే ప్రతి వృద్ధుడి తలుపూ తట్టే ఏర్పాటు ఇంతకంటే మంచిది ఇంకొకటి లేదు. కానీ ఆ రోజు వాళ్లకు ఉరుకులు, వేలిముద్ర పడితే చాలు. అందుకే పదో తారీఖు తర్వాత ఇంకోసారి వెళ్లి మూడు ప్రశ్నలడగాలి: తోడు లేదనిపిస్తుందా, పక్కన పెట్టేశారనిపిస్తుందా, అందరికీ దూరమయ్యాననిపిస్తుందా? ‘దాదాపు ఎప్పుడూ లేదు’కి 1, ‘అప్పుడప్పుడు’కి 2, ‘తరచుగా’కి 3. మొత్తం 6 దాటినా, 6 వచ్చినా పట్టించుకోవాలి. వైద్య పరిశోధనల్లో వాడే కొలతే ఇది. కోడలు గుమ్మంలో నిలబడి ఉండగా అడిగితే మాత్రం ఏ అత్తా నిజం చెప్పదు. నలుగురున్న ఇంట్లోనూ ఒంటరితనం ఉంటుందని సర్వేలు తరచూ మరిచిపోయేది ఇక్కడే.

2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ లాంటి ఆర్టీసీ బస్సులు ఉచితం. టికెట్టు తగ్గింది, తిరుగు బస్సు మాట? మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర వారం రోజులైనా రాత్రి తొమ్మిదింటికి కాలనీకి ఒక బస్సు వేస్తే, అవ్వ తన పాత వీధిలో అంబలి తాగి, తిన్నె మీద కాసేపు కూర్చుని ఇంటికి చేరుతుంది.