ఆయిలర్ గారి నంబరు కలిసిరాలేదు

పొద్దున్నే టీవీ పెడితే చాలు, పది అంకెల ఫోను నంబరును ఒంటి అంకెకు దించే మహానుభావుడు ప్రత్యక్షమవుతాడు. కూడతాడు, వచ్చినదాన్ని మళ్లీ కూడతాడు. ఆపైన ఒక గ్రహం, ఆ వెనకే కష్టాల చిట్టా. తెర అడుగున ఆయన ఫోను నంబరు పరుగెడుతుంటుంది. దాన్ని మాత్రం ఎప్పుడూ కూడి చూపించడు.

ఈ మహాశాస్త్రం లోతెంతో మనవి చేస్తాను. అంకెలు ఇలా కూడుతూ పోతే చివరికి మిగిలేది ఆ సంఖ్యను 9తో భాగిస్తే వచ్చే శేషం. సున్నా వస్తే 9 అనుకోవాలి. అంతే. బడిలో భాజనీయతా సూత్రాల పాఠంలో నాలుగు వాక్యాలు.

ఇప్పుడు 2147483647 తీసుకోండి. ముప్పై ఒక్క రెళ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య. ఇది ప్రధాన సంఖ్య అని 1772లో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు, అప్పటికే చూపు దాదాపుగా పోయిన మనిషి. దీని వర్గమూలం 46,340 పైచిలుకు. అంతలోపు ప్రధాన సంఖ్యలు వేలల్లో ఉన్నాయి. అన్నిటితోనూ భాగించనక్కర్లేదు, భాజకమంటూ ఉంటే దాన్ని 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ మిగలాలని గ్రహించి, పనిని 372 భాగహారాల లోపుకు కుదించాడు.

అటువంటి ఆయిలర్ మన కార్యక్రమానికి ఫోను చేశాడనుకుందాం.

"గురువుగారూ, నా సంఖ్య 2147483647."

"మొత్తం 46. అంటే 10. అంటే 1. సూర్యుడు! కానీ చివర 7 ఉంది చూశారా నాయనా, కేతువు. కంటిచూపుకు ఇబ్బంది ఉందా?"

"ఉందండీ."

"నేను చెప్పలా! ఆ 7 తీసేసి 6 పెట్టుకోండి. శుక్రుడు. మొత్తం కూడితే 9, కుజుడు కూడా కలిసొస్తాడు. పేరు చివర ఇంకో 'ర్' తగిలించండి."

పెట్టుకున్నాడు. 2147483646. శుక్రుడు రాగానే 2 భాగించింది, కుజుడి పుణ్యమా అని 9 భాగించింది, 7, 11, 31, 151, 331 కూడా వరసకట్టాయి. ఏ సంఖ్యకూ లొంగనిదాన్ని గురువుగారు ఒక్క అంకెతో వీధిలో పడేశారు. ఫీజు వేరే.

ఇంతకీ దేవుడు మనకు చేతికి ఎనిమిదేసి వేళ్లు ఇచ్చి, మనం పదహారు అంకెలతో లెక్క రాసుకుని ఉంటే, అసలు సంఖ్యకు ఇదే కూడికలో సూర్యుడు పోయి కేతువు వచ్చేవాడు. గ్రహాలు ఆకాశంలో లేవు, మన వేళ్ల లెక్కలో ఉన్నాయి.

నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ 26న పుట్టిన పిల్లను 'ఎనిమిది, శని' అంటూ చూడకుండానే కాదంటున్నారే, అక్కడ నాకు నవ్వు రాదు. ఒళ్లు మండుతుంది. ఆ పిల్ల చేసిన నేరమేమిటి? 9తో భాగిస్తే 8 మిగలడం! ఈ తీర్పు చెప్పేది చదువురాని వాళ్లా? పెళ్లికొడుకు ఇంజినీరు. తండ్రి లెక్కల మాస్టారు.