ముందే టిక్కు పడి ఉన్న డబ్బా గారికి

ఆర్యా,

మనం చాలాసార్లు ఎదురుపడ్డాం కానీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. బస్సు టిక్కెట్టు కోసం సీటు ఎంచుకుని, పేరూ వయసూ కొట్టి, డబ్బు కట్టే పేజీకి వచ్చేసరికి ఛార్జీ కింద చిన్న అక్షరాల్లో మీరు కూర్చుని ఉంటారు. ‘మొక్కలు నాటే మా ఫౌండేషన్‌కు విరాళం రూ.10.’ పక్కనే పచ్చటి టిక్కు. అది నేను పెట్టింది కాదు. బస్టాండులో దిగీ దిగకముందే ఆటో అతను మన బ్యాగు భుజాన వేసుకుని నడిచేసినట్టు, నేను వచ్చేసరికే నా ధర్మం అయిపోయి ఉంటుంది.

మీరు కూర్చునే చోటు మాత్రం భలే ఎంచుకున్నారు. పైన గడియారం వెనక్కి తిరుగుతుంటుంది, ఏడు నిమిషాల్లో కట్టకపోతే సీటు పోతుందని. సంక్రాంతి ముందు వారం హైదరాబాద్ నుంచి అమలాపురానికి సీటంటే మాటలా? మామూలప్పుడు తొమ్మిది వందలున్నది రెండు వేల ఆరు వందలు చూపిస్తోంది. ఆ టెన్షన్‌లో పది రూపాయలు ఎవరి కంట పడతాయి?

మా నాన్న కంట పడ్డాయి. రిటైరయ్యాక ఆయన కరెంటు బిల్లు దగ్గర నుంచి మందుల చీటీ దాకా ప్రతి కాగితాన్నీ పెన్ను పట్టుకుని చదువుతారు.

“ఈ పది ఏంట్రా?”

“విరాళం నాన్నా.”

“ఎవరిచ్చారు?”

“మనమే.”

“ఎప్పుడిచ్చాం?”

నా దగ్గర సమాధానం లేదు. ఇచ్చినవాడి పేరు ఊరికి తెలియకపోతే గుప్తదానం అంటారు. ఇచ్చినవాడికే తెలియకపోవడం మీరు కనిపెట్టింది.

ఒకసారి ధైర్యం చేసి మీ టిక్కు తీసేశాను. వెంటనే ఒక చిన్న పాప బొమ్మ వచ్చి దిగులుగా చూసింది. కింద రెండు బటన్లు. ‘ఇస్తాను’ అన్నది బస్సంత ఉంది. ‘నాకు అక్కర్లేదు, మొక్కలు ఎండిపోనీ’ అన్నట్టున్న రెండోది బూడిద రంగులో నలిగిపోయి ఉంది. అర్ధరాత్రి, ఇంట్లో అందరూ నిద్రపోతుండగా, పది రూపాయల కోసం ఒక మొక్కను చంపినవాడిలా కూర్చున్నాను.

మీకు కబురు అందిందో లేదో గానీ, 2023 నవంబరు 30న వినియోగదారుల హక్కులు కాపాడే సెంట్రల్ కన్స్యూమర్ ప్రొటెక్షన్ అథారిటీ ‘డార్క్ ప్యాటర్న్స్’ పేరుతో, అంటే ఆన్‌లైన్లో కొనేవాణ్ని బోల్తా కొట్టించే, పదమూడు రకాల వేషాల జాబితా వేసింది. కొనేవాడు ఒప్పుకోకుండా బిల్లులోకి వస్తువో విరాళమో దూర్చడం అందులో ఒకటి. వద్దన్నవాణ్ని సిగ్గుపడేలా చేయడం ఇంకొకటి. మీరొక్కరే రెండు వేషాలూ కట్టారు. అప్పటినుంచి కొన్నిచోట్ల టిక్కు తీసేసి, ఖాళీ డబ్బాగా చేతులు కట్టుకుని కూర్చోవడం నేర్చుకున్నారు. సంతోషం. పాప మాత్రం ఇంకా దిగులుగానే చూస్తోంది.

ఫౌండేషన్ మంచి పనులు చేయదని నేననను. నా బాధ వేరే. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం ఏడాదికి అయిదు కోట్ల లాభం దాటిన కంపెనీ కూడా గత మూడేళ్ల లాభాల సగటులో రెండు శాతం సమాజం కోసం ఖర్చు పెట్టాలి. అది కంపెనీ లాభంలోంచి. నా పది రూపాయలు నా జేబులోంచి. వార్షిక నివేదికలో మొక్క పట్టుకుని నవ్వే ఫొటో మాత్రం ఎండీ గారిది. అత్త సొమ్ము అల్లుడు దానం చేయడం విన్నాం. ఇక్కడ అల్లుడు అత్తనే లైన్లో నిలబెట్టి ఓటీపీ అడుగుతున్నాడు.

రసీదు సంగతి కూడా చూద్దాం. విరాళంలో సగానికి ఆదాయపు పన్ను మినహాయింపు దొరికే సంస్థ అనుకుంటే, పాత పన్ను పద్ధతిలో రిటర్ను వేసేవాడికి పదిలో అయిదు మినహాయిస్తారు. ఇరవై శాతం స్లాబులో ఉంటే మిగిలేది రూపాయి. మీరు రసీదు పంపలేదు కాబట్టి ఆ రూపాయి కూడా ధర్మంలో కలిసింది.

పోయిన పండక్కి నాన్నకి జ్వరం వచ్చి టిక్కెట్టు క్యాన్సిల్ చేశాం. రెండు వేల ఆరు వందల్లో సగం వెనక్కి వచ్చింది. మీ పది రాలేదు, విరాళం తిరిగివ్వరట. మొత్తం మీద ఆ సంక్రాంతికి మా ఇంట్లోంచి ప్రయాణం చేసింది ఆ పది రూపాయలొక్కటే.

మా కోనసీమలో లంకల గన్నవరం అని ఊరుంది. ప్రయాణికుల ఆకలి తీర్చడమంటే ఏంటో అక్కడ డొక్కా సీతమ్మ గారు (1841–1909) చేసి చూపించారు. గోదావరి దాటి ఏ వేళకు వచ్చినా విస్తరి వేసేవారు. అందుకోసం సొంత ఆస్తి కరిగించుకున్నారు తప్ప, రేవులో పడవ వాడితో చెప్పి మనిషికి కాణీ ఎక్కువ వసూలు చేయించలేదు.

నేను ఇవ్వననడం లేదు. అడిగితే ఇస్తాను. నా పదికి కంపెనీ ఇంకో పది కలుపుతానంటే ఇరవై ఇస్తాను. మొక్క ఏ ఊళ్లో నాటారో, రెండు ఎండాకాలాల తర్వాత ఉందో లేదో మెసేజీ పెడితే యాభై. పోనీ, మొక్కలు వద్దనుకుంటే రాత్రంతా మీ బస్సు డిక్కీలో సామాన్ల పక్కన ముడుచుకుని పడుకునే క్లీనర్ కుర్రాడికి ఒక పరుపు కొనండి. దానికైతే పాప బొమ్మ కూడా అక్కర్లేదు.

ఈసారి టిక్కెట్టు తీస్తుంటే నాన్న పక్కనే కూర్చున్నారు. మీ టిక్కు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపారు. “ఉంచు. కట్టాక ఫోన్ చేసి, మన మొక్క ఎక్కడుందో కనుక్కుంటాను” అన్నారు. పొద్దున్న పదింటి నుంచి మీ కస్టమర్ కేర్ లైన్లోనే ఉన్నారు. టిక్కెట్టుకు ఒకటి, రీఫండ్‌కు రెండు నొక్కమంటున్నారు, విరాళానికి నంబరే లేదు. మధ్యలో మీ పాట వింటూ టిఫిను కూడా చేసేశారు. కాస్త ఎవరినైనా ఎత్తమని చెప్పండి. ఆయన రిటైరైన మనిషి, ఆయనకేం తొందర లేదు.

ఇట్లు,
సీటు నంబరు 14, కిటికీ పక్క