హాజరు 68 శాతం

ఆదివారం రాత్రి, ఉప్పల్‌లో మా ఇల్లు. మా ఆవిడ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఐటీ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్, డీబీఎంఎస్, అంటే డేటాబేస్‌ల సబ్జెక్టు, చెబుతుంది. ఆవిడ తమ్ముడు వేరే కాలేజీలో బీటెక్ ఐటీ మూడో ఏడు. వాడి హాజరు 68 శాతానికి పడిపోయింది. జేఎన్‌టీయూ లెక్కలో 75 ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే కారణం చూపించి, కండొనేషన్ ఫీజు కట్టి గట్టెక్కొచ్చు. ఇంకా కిందికి పోతే డిటెయిన్, అంటే పరీక్షలకి కూర్చోనివ్వరు. ఆ ఫీజు అడగడానికే వచ్చాడనుకున్నాం. రెండో ముద్దకే అసలు సంగతి బయటపడింది, వాడు కాలేజీ మానేస్తాడట.

నేను మెకానికల్ వాణ్ణి. నేను చదివిన కాలేజీలో ఇప్పుడు ఆ బ్రాంచే లేదు, అందుకని నా ఓటు చెల్లదని అక్కాతమ్ముళ్లు ముందే తేల్చేశారు. విన్నది రాస్తున్నా, అంతే.

తమ్ముడు: లాబ్ మూడు గంటలక్కా. ప్రోగ్రాం కొట్టడానికి పది నిమిషాలు, మిగతాదంతా రికార్డు నోటుబుక్ రాయడం. కుడి పేజీలో ప్రోగ్రాం, ఎడమ తెల్ల పేజీలో అవుట్‌పుట్. స్క్రీన్ మీద కనిపిస్తున్న టేబుల్‌ని నేను స్కేలు పెట్టి, గళ్లు గీసి, పెన్సిల్‌తో దించుతున్నా. గడి వంకరపోతే సంతకం పెట్టరు. ఇదా ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ?

అక్క: రికార్డు గురించి నేను వాదించను. నేనూ వారానికి వంద సంతకాలు పెడుతున్నా, ఒక్కటీ చదివి పెట్టను. ఆ సంగతి వదిలేయ్. మానేసి ఏం చేస్తావ్?

తమ్ముడు: అమీర్‌పేటలో ఫుల్ స్టాక్ కోర్సు, వెబ్‌సైటు ముందూ వెనకా మొత్తం కట్టడం నేర్పుతారు. మైత్రీవనం పక్కనే. మా సీనియర్లు ఎలాగూ డిగ్రీ అయ్యాక అక్కడికే పోతున్నారు. నాలుగేళ్లు చదివి అక్కడికే పోవాలంటే, ఆ నాలుగేళ్లు ఎందుకు?

అక్క: వాళ్లు బయోడేటాలో మొదటి లైను ఏం రాస్తారు? బీటెక్ అనే కదా. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు ముందు పర్సంటేజీ, బ్యాక్‌లాగ్‌లు చూసి, ఆ తర్వాతే టెస్టు పెడతాయి. కోర్సు సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుంటే ఆ గేటు దగ్గరే ఆగిపోతావ్.

తమ్ముడు: అంటే గేట్‌పాస్ అని నువ్వే ఒప్పుకుంటున్నావ్. చదువు కాదన్నమాట.

(ఇక్కడ మా ఆవిడ పెరుగు గిన్నె కాస్త గట్టిగానే పెట్టింది. మొదటి పాయింటు వాడిదే అని నా లెక్క.)

అక్క: గేట్‌పాస్ కూడా. రేపు ఎమ్మెస్ అంటావ్. అమెరికాలో చాలా యూనివర్సిటీలు పదహారేళ్ల చదువు అడుగుతాయి, ఇంటర్ దాకా పన్నెండు, ఆపైన నాలుగు. అక్కడ ఉద్యోగానికిచ్చే హెచ్1బీ వీసాకి కూడా సంబంధించిన డిగ్రీనో, దానికి సమానమైనదో ఉండాలి.

తమ్ముడు: ఆ హెచ్1బీకి 2025 సెప్టెంబర్‌లో లక్ష డాలర్ల ఫీజు పెట్టారుగా! ఎవడు కడతాడు నాకోసం? సరే, డిగ్రీయే కావాలంటే ఐఐటీ మద్రాసు వాళ్లది ఉంది. 2021 నుంచి డేటా సైన్స్ ఆన్‌లైన్‌లో చెబుతున్నారు. వయసు పట్టింపు లేదు, జేఈఈ అక్కర్లేదు. ఇంట్లో పాఠాలు, పరీక్షకి మాత్రం సెంటర్‌కి పోవాలి. సర్టిఫికెట్‌తోనో డిప్లొమాతోనో మధ్యలో ఆగొచ్చు కూడా.

అక్క: మంచి కోర్సే. ఫౌండేషన్‌లో ఏముంటాయో చూశావా?

తమ్ముడు: పైథాన్.

అక్క: పైథాన్‌తో పాటు మ్యాథ్స్, స్టాటిస్టిక్స్. ఆ తర్వాత డీబీఎంఎస్, డేటా స్ట్రక్చర్స్. నువ్వు పారిపోతున్నవే అక్కడా కూర్చుని ఉన్నాయి నాన్నా. అక్కడైతే రోజూ పొద్దున్నే నిన్ను లేపేవాళ్లు ఉండరు. ఇంట్లో కూర్చుని ఒంటరిగా చదివే ఓపిక ఉంటే హాజరు 68కి ఎందుకొస్తుంది?

తమ్ముడు: అది వేరు, ఇది వేరు.

అక్క: ఎలా వేరు?

తమ్ముడు: బావా, మీరన్నా చెప్పండి!

(నేను పప్పు వడ్డించుకున్నాను.)

తమ్ముడు: అసలు ఐటీ అంటేనే, సీఎస్ఈ రాలేదని తీసుకున్నది. అమ్మ కూడా చుట్టాలకి "కంప్యూటర్స్" అనే చెబుతుంది. ఇప్పుడు సీఎస్ఈకి ఏఐ అండ్ ఎంఎల్ అని తోక తగిలిస్తే దానికున్న గిరాకీ మాకు లేదు. సీట్లకున్న పైపరిమితిని, కాలేజీలకి అనుమతులిచ్చే ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది, కాలేజీలు ఆ బ్రాంచిలే పెంచుకుంటున్నాయి. మేం మధ్యలో నలిగిపోతున్నాం.

అక్క: తోకల సంగతి నన్నడుగు, ఆ సెక్షన్లకీ నేనే చెబుతున్నా. అదే ఓఎస్, అదే నెట్‌వర్క్స్. ఎంటెక్ కోసం రాసే గేట్ పరీక్షలో పేపరు పేరే కంప్యూటర్ సైన్స్ అండ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ, మీ రెండు బ్రాంచిలకీ ఒకటే ప్రశ్నపత్రం. బ్రాంచి పేరు చూసి ఏడవడం ఇంటర్ వాళ్ల పని, మూడో ఏడులో కాదు.

తమ్ముడు: సరే. కానీ కోడ్ ఇప్పుడు ఏఐ రాస్తోంది. నా మినీ ప్రాజెక్టు, హాస్టల్ మేనేజ్‌మెంట్ సిస్టమ్, రెండు సాయంత్రాల్లో అయిపోయింది. రివ్యూలో బాగుందన్నారు. మా వాళ్లలో సగం మంది డబ్బులిచ్చి కొన్నారు. నేను కనీసం కొనలేదు.

అక్క: లాప్‌టాప్ తే.

తెచ్చాడు. ఎంగిలి చెయ్యి కడుక్కుని ఆవిడ కూర్చుంది. లాగిన్ పేజీలో యూజర్ పేరు దగ్గర నోటికొచ్చిన నాలుగు అక్షరాలు కొట్టింది. పాస్‌వర్డ్ గడిలో ఒక కొటేషన్ గుర్తు, ఆ తర్వాత "లేదా 1, 1 సమానం" అని అర్థం వచ్చే చిన్న ముక్క. ఎంటర్ నొక్కింది. "వెల్‌కమ్, వార్డెన్" అంటూ పేజీ తెరుచుకుంది. పిల్లల పేర్లు, రూమ్ నంబర్లు, ఫీజు బాకీలు అన్నీ ఎదురుగా.

తమ్ముడు: ఇదేంటి! పాస్‌వర్డ్ కొట్టనే లేదు కదా?

అక్క: మనిషి టైపు చేసిందాన్ని నీ కోడ్ తీసుకెళ్లి నేరుగా క్వెరీలో, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో, అతికిస్తోంది. నా కొటేషన్ గుర్తు పాస్‌వర్డ్‌ని అక్కడికి మూసేసింది. ఆ తర్వాతి ముక్కని డేటాబేస్ పాస్‌వర్డ్ అనుకోలేదు, షరతు అనుకుంది. ఒకటికి ఒకటి ఎప్పుడూ సమానమే, కాబట్టి ప్రతి వరుసా సరిపోయింది. నీ కోడ్ మొదటి వరుస పట్టుకుంది. మొదటి వరుస వార్డెన్‌ది. దీన్ని ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్ అంటారు, పాతికేళ్లకు పైబడ్డ పాత దొంగతనం. ఏఐ రాసింది, నువ్వు రన్ చేశావ్, రివ్యూలో తలూపారు. చూడాల్సినవాడు ఎవడురా?

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఇక వాదన ముగిసిందనుకుని నేను లేవబోయాను. వాడే అందుకున్నాడు, ఈసారి గొంతు తగ్గించి.

తమ్ముడు: ఈ సంగతి మూడేళ్లలో నాకు ఒక్కరూ చూపించలేదక్కా. నాన్న, గవర్నమెంట్ ఇచ్చే 35 వేలు పోను మిగతా ఫీజు చేతి నుంచి కడుతున్నాడు. ఐదు నిమిషాల్లో అన్నం తింటూ నువ్వు చెప్పింది అక్కడెందుకు చెప్పరు? నువ్వైనా మీ పిల్లలకి చెప్పావా?

అక్క: ...గత ఏడు చెప్పాను.

తమ్ముడు: ఈ ఏడు?

అక్క: ఈ ఏడు కాలేజీకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లొచ్చారు. ప్రతి ప్రశ్న ఏ కోర్స్ అవుట్‌కమ్‌కి, అది ఏ ప్రోగ్రాం అవుట్‌కమ్‌కి అని మ్యాపింగ్ నింపడం, కోర్సు ఫైళ్లు, హాజరు అప్‌లోడ్. ఒక బ్యాచ్‌లో ముప్పై మందికి పైనే. సిస్టమ్‌లు పనిచేసేవి ఇరవై రెండు. నిజం చెప్పాలంటే టైపు చేయించి సంతకం పెట్టేశాను.

తమ్ముడు: మరి?

అక్క: మరి అంటే? సిలబస్ తప్పు కాదు, దాన్ని మేం నడిపే తీరు తప్పు. అయినా ఆ పాఠాలు నీకు కావాలి. బీటెక్ మొత్తం నూట అరవై క్రెడిట్లలో నలభైకి ప్రాణం ఉందనుకో, ఆ నలభై పట్టుకో. అమీర్‌పేటలో లాగిన్ పేజీ ఎలా కట్టాలో మూడు నెలల్లో చెబుతారు. అది ఎందుకు కూలుతుందో చెప్పే తీరిక వాళ్లకి ఉండదు.

తమ్ముడు: మీకూ లేదుగా.

అక్క: లేదు. నువ్వు స్టాఫ్‌రూమ్‌కి వచ్చి అడిగితే ఉంటుంది. మీ కాలేజీలో ఎప్పుడైనా అడిగావా?

తమ్ముడు: అడిగితే రికార్డు అయిందా అంటారు.

(ఇది మాత్రం నిజమే అయ్యుంటుంది. మా ఆవిడ కూడా ఖండించలేదు.)

అక్క: కండొనేషన్ ఫీజు నేనిస్తా. నీ కోసం కాదు, నాన్న బీపీ కోసం. సెమ్ ముగిశాక కూడా మానేస్తానంటే అప్పుడు మాట్లాడదాం. ముందు ఆ క్వెరీ మార్చు. క్వెరీ ఒకటి, మనిషి ఇచ్చిన విలువ ఒకటి, రెండూ విడివిడిగా పంపు. ఇంకోటి, పాస్‌వర్డ్‌లు టేబుల్‌లో ఉన్నవి ఉన్నట్టే పడున్నాయి. హాష్ చేయ్, అంటే వెనక్కి తిప్పలేని గజిబిజి ముక్కగా మార్చి దాచు.

తమ్ముడు: ఏఐని అడగనా?

అక్క: అడుగు. కానీ ప్రతి లైనూ ఎందుకో నాకు చెప్పాలి.

గిన్నెలు తోముతూ హాల్లోంచి కీబోర్డు చప్పుడు వింటున్నా. పదకొండున్నర దాటాక కేక వినిపించింది.

తమ్ముడు: అక్కా! ఆ కొటేషన్ ముక్క ఇప్పుడు పనిచేయట్లేదు!

అక్క: సంతోషం. పడుకో.

తమ్ముడు: కానీ అసలు పాస్‌వర్డ్ కొట్టినా నన్ను రానివ్వట్లేదు.

అక్క: కొట్టినదాన్ని హాష్ చేశావ్. టేబుల్‌లో ఉన్న పాతవాటిని చేశావా?

జవాబు లేదు. కాసేపటికి కీబోర్డు మళ్లీ మొదలైంది.